శుభం కార్డు ఎవరు వేయాలి?

మన తెలుగు హీరోకి చావు ఒక పట్టాన రాదు. ఒంట్లో మూడు తూటాలు దిగినా సరే, నాలుగు పేజీల డైలాగు చెప్పాలి. చెల్లెలి చెయ్యి స్నేహితుడి చేతిలో పెట్టాలి. అమ్మని ఓదార్చాలి. అప్పుడుగాని తల పక్కకి వాల్చడు. హాల్లో మనం జేబురుమాళ్ళు తడిపేసుకుంటాం. బయటికొచ్చి మిరపకాయ బజ్జీ నములుతూ "చావు సీను ఇరగదీశాడ్రా" అని మెచ్చుకుంటాం.

జబ్బు చావుల సంగతి ఇంకో రకం. "ప్రేమాభిషేకం" (1981)లో అక్కినేని పాత్రకి క్యాన్సర్. ఆ మాట కడుపులో దాచుకుని, ప్రేమించిన పిల్ల తనని అసహ్యించుకునేలా నాటకమాడి, ఆమెకి వేరే సంబంధం కుదిరేలా చేస్తాడు. "గీతాంజలి" (1989)లో అబ్బాయికీ రోగమే, అమ్మాయికీ రోగమే. అయినా ఆ మంచులో వాళ్ళిద్దర్నీ చూస్తుంటే రోగం కూడా అందమైనదేమో అనిపిస్తుంది.

అన్నట్టు, అక్కినేనివారు నిజజీవితంలో మాత్రం తన పాత్రకి పూర్తిగా ఎదురు నడిచారు. 2013 అక్టోబరులో విలేకర్లని పిలిచి, తనకి క్యాన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆయన ఆఖరి చిత్రం "మనం" ఆ తరవాత విడుదలయింది. దాచిపెట్టి ఏడిపించడం సినిమా. చెప్పి బతకడం జీవితం.

సరే, అసలు సంగతికొద్దాం. మన బొమ్మలన్నిట్లో ఒక విషయం గమనించారా? చావు ఎప్పుడు రావాలో, ఎలా రావాలో రచయిత నిర్ణయిస్తాడు, డైరెక్టరు నిర్ణయిస్తాడు. "హీరో పోతే బొమ్మ పోతుందండీ" అని ఒక్కోసారి డిస్ట్రిబ్యూటరు కూడా నిర్ణయిస్తాడు. పోయే మనిషిని మాత్రం ఎవరూ అడగరు. మరి ఆ మనిషే నోరు విప్పి, "బాబూ, నా కథకి శుభం కార్డు నన్నే వేసుకోనివ్వండి" అని కోర్టు మెట్లెక్కితే?

అలా ఎక్కిన మనుషులున్నారు. వాళ్ళ మీద వచ్చిన బొమ్మలూ వున్నాయి. ఈ వారం కబురు అదే.

అల వెనక్కి పోయింది

స్పెయిన్ దేశానికి వాయవ్య మూల గలీసియా అని ఒక ప్రాంతం వుంది. చేపలు పట్టేవాళ్ళ వూళ్ళు, ఓడ పనివాళ్ళ ఇళ్ళు. రామోన్ సాంపెద్రో అక్కడి కుర్రాడు. సరుకు ఓడల మీద పనిచేస్తూ దేశాలు తిరిగాడు. 1968 ఆగస్టు 23న సొంతూరి దగ్గర బీచిలో ఒక రాతి మీద నుంచి సముద్రంలోకి దూకాడు. సరిగ్గా ఆ క్షణానికి అల వెనక్కి పోయింది. నీళ్ళు తగ్గిపోయి తల ఇసకకి కొట్టుకుంది. మెడ ఎముక విరిగింది. అప్పటికి అతని వయసు 25.

ప్రాణం పోలేదు. మెడ కింద నుంచి కాలి గోటిదాకా కదలిక మాత్రం పోయింది. అప్పటినుంచి అన్నగారింట్లో, మేడ మీద గదిలో, కిటికీ పక్కన మంచం. అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, రాత్రుళ్ళు లేచి పక్కకి తిప్పడం అన్నీ వదినే చేసింది. రామోన్ నోట్లో పుల్ల కరుచుకుని రాయడం నేర్చుకున్నాడు. కవితలు రాశాడు, వుత్తరాలు రాశాడు. ఆ వుత్తరాలు 1996లో పుస్తకంగా కూడా వచ్చాయి. జోకులేసేవాడు, చూడవచ్చినవాళ్ళని నవ్వించేవాడు.

నవ్విస్తూనే ఒకటే మాట అడిగేవాడు. "ఇలా బతకడం నాకు ఇష్టం లేదు. నాకై నేను ఏమీ చేసుకోలేను. నాకు సాయం చేసినవాడిని జైల్లో పెట్టకుండా చట్టం మార్చండి." ఆవేశంలో అన్న మాట కాదిది. ఏళ్ళ తరబడి, పొద్దున కాఫీ అడిగినంత నిమ్మళంగా అడిగిన మాట.

1993లో అతని పిటిషన్ కోర్టుకెళ్ళింది. ఇలాంటి కోరికతో స్పెయిన్‌లో కోర్టుకెక్కిన మొదటి మనిషి అతనే. అక్కడ 1984 నుంచీ ఈ హక్కు కోసం పనిచేస్తున్న ఒక సంఘం వెనక నిలబడింది. బార్సిలోనా కోర్టు ఇది మా పరిధి కాదంది. పైకోర్టుకెళ్ళారు, కుదరలేదు. ఐరోపా మానవహక్కుల సంఘం దాకా వెళ్ళారు, అక్కడా కుదరలేదు. మన సినిమా కోర్టు సీనులో అయితే ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు "ఆగండి" అంటూ పరుగెత్తుకొస్తారు. రామోన్ కోసం ఎవరూ రాలేదు.

1998 జనవరి 12న, పక్కవూరు బొయిరోలో, స్నేహితుల సాయంతో అతను కన్నుమూశాడు. మంచాన పడి అప్పటికి 29 ఏళ్ళ 4 నెలల 20 రోజులు. పోయేముందు కెమెరా ముందు మాట్లాడాడు. ఎవరినీ తప్పు పట్టొద్దని జడ్జీలకీ, నాయకులకీ చెప్పాడు. స్నేహితులు పనిని ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు. ఏ ఒక్కరు చేసిన ముక్కా విడిగా చూస్తే నేరం కాదు. రమోనా మానెయ్‌రో అనే స్నేహితురాలిని పోలీసులు పట్టుకున్నారు, సాక్ష్యం చాలక వదిలేశారు. అప్పుడు ఒక తమాషా జరిగింది. "సాయం చేసింది నేనే, నన్ను అరెస్టు చేయండి" అని వేలాదిమంది జనం కాగితాల మీద సంతకాలు పెట్టి పంపారు. కేసు కాలపరిమితి దాటాక 2005లో రమోనాయే టీవీలో నోరు విప్పింది. ఆ సాయం తనదేనని చెప్పింది.

మంచం మీద హీరో

ఈ కథని అలెహాంద్రో అమెనాబార్ అనే కుర్ర డైరెక్టరు 2004లో బొమ్మ తీశాడు. పేరు "మార్ అదెంత్రో". ఇంగ్లీషు పేరు "ది సీ ఇన్‌సైడ్". సముద్రం లోలోపలికి అని అర్థం. హీరో హావియెర్ బార్దెమ్. "స్కైఫాల్" (2012)లో జేమ్స్ బాండ్‌ని ముప్పుతిప్పలు పెట్టిన తెల్లజుట్టు విలన్ గుర్తున్నాడా? అతనే. ముప్పయ్యయిదేళ్ళ వస్తాదులాంటి మనిషి, బట్టతల పెట్టుకుని, యాభై దాటిన రోగిగా మంచమెక్కాడు. ఫైటు లేదు, స్టెప్పు లేదు, చిటికె కూడా వేయలేడు. మెడ పైన వున్న మొహమొక్కటే అతని ఆస్తి. ఆ మొహంతోనే వెనిస్‌లో వుత్తమ నటుడి బహుమతి కొట్టేశాడు.

ఇందులో ఒక సీను వుంది. రామోన్ మంచం మీద పడుకుని వుంటాడు. గ్రామఫోన్ మీద ఒక ఒపేరా పాట మొదలవుతుంది. అతని వేలు మెల్లిగా కదుల్తుంది. లేచి నిలబడతాడు. మంచం పక్కకి తోసి, గది చివరికి వెళ్ళి, పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి దూకి ఎగిరిపోతాడు. కొండలు, చెట్లు, పొలాలు దాటి సముద్రం దాకా వెళతాడు. అది అతని వూహ. డ్రీమ్ సాంగంటే స్విట్జర్లాండే అనుకునే మనకి, మంచం నుంచి కిటికీ దాకా నడవడం కూడా ఒక డ్రీమేనని చెప్పిన సీనది.

బాగుంది కదా. కానీ ఈ బొమ్మని నేను మెచ్చుకునేది ఎగిరే సీనుకి కాదు, ఎదుటివాడికి కూడా మైకు ఇచ్చినందుకు.

అన్నగారున్నాడు చూడండి, మోటు మనిషి. నా ఇంట్లో ఈ పని జరగడానికి వీల్లేదంటాడు. తమ్ముడి కోసం తను సముద్రం వదిలేసి భూమ్మీద బతికాడు. ఇన్నేళ్ళ చాకిరీకి తమ్ముడు ఇచ్చే జవాబు చావడమా అని అతని బాధ. అది తప్పని ఎవరనగలం?

ఇంకో సీనులో, మెడ కింద కదలిక లేని ఒక పాదిరీ తన చక్రాల కుర్చీలో వాదనకి వస్తాడు. మెట్లు ఇరుకు, కుర్చీ పైకెక్కదు. కింద పాదిరీ, పైన రామోన్. మధ్యలో ఒక కుర్ర శిష్యుడు వీళ్ళ వాదం వాళ్ళకీ, వాళ్ళ వాదం వీళ్ళకీ మోస్తూ మెట్లెక్కి దిగలేక రొప్పుతుంటాడు. హాల్లో నవ్వులే నవ్వులు. ఈ పాదిరీయే అంతకుముందు టీవీలో, ఇంట్లోవాళ్ళ ప్రేమ చాలకే రామోన్ చావు కోరుకుంటున్నాడేమో అన్నాడు. అన్నం పెట్టి ఒళ్ళు తుడిచిన వదిన వూరుకుంటుందా? మీ ఇద్దరిలో ఎవరిది న్యాయమో నాకు తెలీదుగానీ, నీ నోరు మాత్రం చాలా పెద్దదయ్యా అన్నట్టు మర్యాదగానే వాయిస్తుంది. నాకు సినిమా మొత్తానికి నచ్చిన పాత్ర ఆ వదినమ్మ. చావు కోరేవాడి పక్షమూ కాదు, వద్దనేవాడి పక్షమూ కాదు. రాత్రి లేచి పక్కకి తిప్పేవాళ్ళ పక్షం.

ఒకే రాత్రి, రెండు బొమ్మలు

2005 ఫిబ్రవరి 27, ఆస్కార్ రాత్రి. వుత్తమ విదేశీ చిత్రం "మార్ అదెంత్రో". అదే రాత్రి అదే వేదిక మీద వుత్తమ చిత్రం ఏమిటో తెలుసా? క్లింట్ ఈస్ట్‌వుడ్ "మిలియన్ డాలర్ బేబీ". అందులో బాక్సింగ్ పిల్లకి రింగులో మెడ విరుగుతుంది. నన్ను పోనీయమని గురువుని అడుగుతుంది. రెండు బొమ్మలదీ ఒకే ప్రశ్న.

చప్పట్లు ఎంత మోగాయో నిరసనా అంత మోగింది. అమెరికాలో వికలాంగుల సంఘాలు "మిలియన్ డాలర్ బేబీ" మీద మండిపడ్డాయి. వాళ్ళ మాట ఇది: "కాళ్ళూ చేతులూ కదలని హీరో సినిమాల్లో వుంటే గింటే చావు కోరుకునేవాడే వుంటాడు. చక్రాల కుర్చీలో వుద్యోగానికెళ్ళే మనిషి, పెళ్ళాంతో పోట్లాడే మనిషి, పిల్లల ఫీజు కట్టే మనిషి మీ కెమెరాకి కనపడడా? మా బతుకు చావుకన్నా హీనమని జనానికి మీరే నేర్పుతున్నారు."

ఈ మాటని మనం చెవిన పెట్టాలి. ఎందుకంటే బ్రిటన్‌లో ఇదే గొడవ ఇద్దరు నటీమణుల మధ్య వున్నట్టే నడిచింది. డయానా రిగ్ గుర్తుందా? 1969లో వచ్చిన "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్"లో జేమ్స్ బాండ్ పెళ్ళి చేసుకున్న అమ్మాయి. ఆమె 2020లో క్యాన్సర్‌తో పోయేముందు తన గొంతు రికార్డు చేయించింది. మనిషికి తన ముగింపు మీద హక్కుండాలని, చట్టం మార్చమని. కూతురు ఆ మాటల్ని 2023లో లోకానికి వినిపించింది. అటువేపు లిజ్ కార్. "సైలెంట్ విట్‌నెస్" టీవీ సీరియల్లో చక్రాల కుర్చీలో వచ్చే సైంటిస్టు పాత్ర ఆమెది. నిజజీవితంలోనూ కుర్చీయే. ఆమె చట్టానికి గట్టి వ్యతిరేకి. 2024లో బీబీసీకి దీనిమీద ఒక డాక్యుమెంటరీయే చేసింది. ఈ హక్కు ఇవాళ అడిగినవాడికే ఇస్తారు, రేపు అడగనివాడిని కూడా "నువ్వింకా అడగలేదేం?" అన్నట్టు చూస్తారని ఆమె భయం.

2025 జూన్ 20న బ్రిటన్ కామన్స్ సభలో, ఆరునెలలకి మించి బతకరని డాక్టర్లు తేల్చిన రోగులకి సాయం చేసే బిల్లు మీద ఓటింగ్ జరిగింది. అవునన్నవాళ్ళు 314, కాదన్నవాళ్ళు 291. తేడా 23. చదువుకున్న దేశం, ఆలోచించే సభ, అయినా మధ్యకి చీలిపోయింది. కాబట్టి ఏదో ఒకవేపు చేరిపోయి అవతలివాడిని రాక్షసుడనడం మనకి తగదు.

సినిమా తర్వాత పదిహేడేళ్ళు

స్పెయిన్ ప్రధానమంత్రే స్వయంగా "మార్ అదెంత్రో" మొదటి ఆటకి వచ్చాడు. అయినా చట్టం రాలేదు. మంచి బొమ్మ చూసి కన్నీళ్ళు పెట్టుకోవడానికి రెండు గంటలు చాలు. చట్టం రాయడానికి 17 ఏళ్ళు పట్టింది. 2021 మార్చి 18న పార్లమెంటు దిగువసభలో 202 మంది అవునన్నారు, 141 మంది కాదన్నారు. జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇంత ఆలస్యం ఎందుకంటారా? సినిమా అడగని ప్రశ్నలన్నీ చట్టం అడగాలి గనక. రోగి తనంతట తను అడుగుతున్నాడా, ఆస్తి కోసం ఎవరైనా అడిగిస్తున్నారా? ఇవాళ అడిగినవాడు ఎల్లుండి కూడా అడుగుతాడా? నొప్పి తగ్గించే మందు ఇచ్చి చూశారా? ఇంట్లో చూసుకునే దిక్కుందా? స్పెయిన్ చట్టం ఏం చెబుతోందో చూడండి. మేజరై వుండాలి. నయంకాని తీవ్రమైన జబ్బో, భరించలేని బాధ పెట్టే శాశ్వత వైకల్యమో వుండాలి. కాగితం మీద రెండుసార్లు అడగాలి. రెంటికీ మధ్య కనీసం 15 రోజుల ఎడం వుండాలి. మిగతా దార్లేమున్నాయో డాక్టరు ముందు విడమరిచి చెప్పాలి. రెండో డాక్టరు చూడాలి. ఆపైన ఒక కమిటీ చూడాలి. ఇష్టంలేని డాక్టరు తప్పుకోవచ్చు. రోగి ఏ క్షణానైనా "వద్దులే" అనొచ్చు.

ఇవన్నీ సినిమాలో పెడితే జనం లేచిపోతారు. కానీ మనిషి ప్రాణం నిలబడేది ఈ బోరు కొట్టే రీళ్ళ మీదే.

హైదరాబాద్, 2004

ఇదంతా దొరల గోల, మనకెందుకంటారా? అయితే తారీఖులు చూడండి. 2004 సెప్టెంబరులో "మార్ అదెంత్రో" వెనిస్‌లో బహుమతి అందుకుంది. సరిగ్గా మూడు నెలలకి, డిసెంబరులో, మన హైదరాబాద్‌లో పాతికేళ్ళ కుర్రాడొకడు ఆస్పత్రి మంచం మీద నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టాడు. పేరు వెంకటేష్. చదరంగం ఆడేవాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు అతనిది. దానికి మందు లేదు.

అతను అడిగింది రామోన్ అడిగినట్టు కాదు. "నేనెలాగూ పోతున్నాను. జబ్బు నా అవయవాల్ని పాడుచేయకముందే పోనిస్తే, అవి ఇంకొకళ్ళకి పనికొస్తాయి" అన్నాడు. కొడుకు కోరిక పట్టుకుని కోర్టుకెళ్ళింది ఎవరో తెలుసా? కన్నతల్లి. బతికుండగా అవయవాలు తీయడానికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదని హైకోర్టు కాదంది. ఆ డిసెంబరు 17న వెంకటేష్ వెళ్ళిపోయాడు.

ఆ తల్లీకొడుకుల కథే 2022లో హిందీలో "సలామ్ వెంకీ" అయింది. తల్లిగా కాజోల్, కొడుకుగా విశాల్ జేఠ్వా. డైరెక్టు చేసింది మన రేవతి, "అంకురం" (1993)లో ఎవరిదో బిడ్డ కోసం వ్యవస్థతో పోరాడిన ఆ రేవతే. అంతకుముందు 2010లో సంజయ్ లీలా భన్సాలీ "గుజారిష్"లో హృతిక్ రోషన్ కూడా మంచమెక్కి కోర్టుని ఇదే అడిగాడు. తెలుగు కుర్రాడి కథ తెలుగులో కాక హిందీలో రావడం మాత్రం నాకు కొంచెం గుచ్చుకుంది. మన నిర్మాతలకి ఫోను చేసి అడగాలనిపించింది. అడిగితే ఏమంటారో నాకు తెలుసు లెండి: "కామెడీ ట్రాకు ఎక్కడ పెడతావయ్యా?"

మన చట్టం ఎక్కడుంది?

వెంకటేష్ పోయిన మరుసటేడు, 2005లో, "కామన్ కాజ్" అనే సంస్థ సుప్రీంకోర్టుకెళ్ళింది. ఈలోగా ముంబయి నర్సు అరుణా షాన్‌బాగ్ విషయం వచ్చింది. 1973లో జరిగిన ఘోరమైన దాడిలో మెదడు దెబ్బతిని, ఆస్పత్రి మంచానికే అంకితమైపోయిన మనిషి. ఆమెని పోనీయమని ఒక రచయిత్రి పిటిషన్ వేస్తే, ఆస్పత్రి నర్సులు అడ్డం తిరిగారు. "మా మనిషి, మేం చూసుకుంటాం" అన్నారు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ నర్సుల మాటే నిలబెట్టింది. అదే తీర్పులో, కోలుకునే ఆశ లేనివాళ్ళ విషయంలో, కోర్టు అనుమతితో చికిత్స ఆపొచ్చని దారి తెరిచింది. అరుణ 2015 మే 18న పోయింది. అన్నేళ్ళూ ఆమెని అక్కడి నర్సులే సాకారు. వదినమ్మ పక్షం అన్నాను చూశారా, అది ఇదే.

2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం కామన్ కాజ్ కేసులో ఇంకో అడుగు వేసింది. గౌరవంగా పోవడం కూడా బతికే హక్కులో భాగమేనంది. నాకు స్పృహ లేని రోజు వస్తే, కోలుకునే ఆశ లేకపోతే, నన్ను మిషన్ల మీద వేలాడదీయొద్దని ముందే కాగితం రాసి పెట్టుకోవచ్చంది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. రాసుకునే పద్ధతి మొదట చాలా చిక్కుగా వుంటే 2023 జనవరిలో తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గజిటెడ్ ఆఫీసరు సంతకం చాలు. ఆపైన ఆస్పత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు చూసి ఒప్పుకోవాలి.

ఇక్కడొక గీత జాగ్రత్తగా గీసుకోండి. పనికిరాని చికిత్స ఆపి, సహజంగా పోనివ్వడం ఒకటి. ప్రాణం తీయడానికే మందివ్వడం రెండోది. మొదటిది మన దేశంలో చట్టం ఒప్పుకున్నది. రెండోది నేరం. రామోన్ అడిగింది రెండోది. మన పేపర్లు రెంటికీ కలిపి "కారుణ్య మరణం" అని ఒకే పేరు పెట్టేస్తాయి. దాంతో చదివేవాడికి తికమక.

ముసలమ్మ మాట

ఇప్పుడు నా మాట చెబుతాను. మీకు నచ్చకపోతే వుత్తరం రాయండి.

మన ఇళ్ళల్లో ప్రతి ముసలమ్మా అంటుంది, "ఆ దేవుడు నన్నెందుకు తీసుకుపోడో" అని. అది పిటిషన్ కాదు. నా దగ్గర కాసేపు కూచోవే అని దానర్థం. మనవరాలు పక్కన చేరి తల దువ్వితే, అదే ముసలమ్మ రాత్రికి పెసరట్టు అడుగుతుంది. రామోన్ మాట అది కాదు. అతని చుట్టూ ప్రేమ పుష్కలంగా వుంది. అయినా 29 ఏళ్ళు ఒకే మాట మీదున్నాడు. ఈ రెండు గొంతుల్నీ విడదీయగలగడమే అసలు సమస్య. స్పెయిన్ చట్టంలో ఆ 15 రోజులూ, ఆ రెండో డాక్టరూ, ఆ కమిటీ వున్నది అందుకే.

మరి మన దగ్గర విడదీయగలమా? నొప్పికి మార్ఫిన్ మందుంది. చౌకదే. కానీ 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో ఎన్నో ఆస్పత్రులు దాన్ని వుంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సడలించారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించి, ఆఖరి రోజుల్లో రోగిని కనిపెట్టుకుని వుండే విభాగం వుంది. అలాంటి మంచం ప్రతి తాలూకాలో వుందా? లేదు. చక్రాల కుర్చీ ఎక్కే సినిమా హాళ్ళెన్ని? మీరే లెక్కపెట్టి చెప్పండి. నొప్పితో అరిచేవాడికి మందివ్వకుండా చావు హక్కిస్తే, అది హక్కు కాదు, బయటికి గెంటడం. ఆస్పత్రి బిల్లు చూసి, కొడుకు మొహం చూసి, "నన్ను పోనీయండి" అనే తండ్రి మాట తండ్రి మాట కాదు, బిల్లు మాట.

అందుకే లిజ్ కార్ భయం మన దేశంలో రెట్టింపు నిజం. అలాగని రామోన్‌నీ, వెంకటేష్‌నీ "నోర్మూసుకుని పడుకో" అనే హక్కు కూడా మనకి లేదు. వాళ్ళడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పడానికి మనకి అర్హత రావాలంటే ముందు మంచం, మందు, మనిషి ఈ మూడూ అందరికీ దొరకాలి. వుద్యమం చేసేవాళ్ళు చట్టంతోపాటు ఆ మూడింటినీ అడిగితే, నా సంతకం కూడా ఆ కాగితం మీద వుంటుంది.

కుర్రకారుకి ఒక్కమాట విడిగా. నయంకాని జబ్బుతో మంచాన పడ్డవాడి ప్రశ్న ఇది. ప్రేమించిన పిల్ల కాదందనో, ఇంటర్ తప్పామనో, వుద్యోగం రాలేదనో వచ్చే చీకటి వేరు. ఆ చీకటికి వైద్యం వుంది, అది తెల్లారుతుంది. మనసు అలా బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. సర్కారు వారిది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. స్నేహితుడెవడైనా నవ్వుతూ "పోతే పోయాను" అంటే, మీరు నవ్వకండి. పక్కన కూచోండి.

ఇక ఈ ఆదివారం ఏం చేయాలంటే, వీలైతే "మార్ అదెంత్రో" చూడండి. పెద్దవాళ్ళతో కలిసి చూడండి. అయ్యాక టీవీ ఆపి, నాన్ననో అమ్మనో మెల్లిగా అడగండి: "మీకు అలాంటి రోజొస్తే, మమ్మల్ని ఏం చేయమంటారు?" "ఛ, అశుభం మాట్లాడకు" అంటారు మొదట. రెండోసారి అడగండి. ఈ ప్రశ్న ఇంట్లో పుడితేనే కోర్టుల్లోనూ, సభల్లోనూ దానికి సరైన జవాబు పుడుతుంది. ఎటూ శుభం కార్డు పడక తప్పదు. పడే వేళకి ఆ మనిషి ఏమనుకున్నాడో తెలిసినవాళ్ళు నలుగురు పక్కనుంటే, ఆ బొమ్మ ఫ్లాపయినట్టు కాదు.

వచ్చే వారం కలుద్దాం. ఈసారి నవ్వించే సంగతే చెబుతాను, ఒట్టు.